తీగ చేతులు చూసి తెచ్చుకోండి

(రాజమహేంద్రవరంలో ఇంటితోటలు పెంచుకునేవారి నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం. వక్త వృక్షశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన అధ్యాపకురాలు.)

అందరికీ నమస్కారం.

పోయిన నెల ఇక్కడే ఒకమ్మాయి లేచి, "మేడమ్, మా పడమటి గోడ ఎత్తు రెండంతస్తులు. దాన్ని కప్పేలా మంచి పూల తీగ ఒకటి చెప్పండి" అని అడిగింది. ఆమె ఇంకా కూర్చోకముందే హాల్లోంచి నాలుగు పేర్లు వచ్చాయి. ఒకరు కాగితం పూలు అన్నారు, ఒకరు అలమండ, ఇంకొకరు శంఖపుష్పం. వెనక కూర్చున్న ఒకాయన పిల్లిగోరు తీగ వేయమన్నారు. ఆ అమ్మాయి నాలుగూ రాసుకుంది. ఇంటికి వెళ్లాక నాకు మనసు ఆగలేదు. ఆ నాలుగింటిలో శంఖపుష్పం అంత ఎత్తు పోదు. కాగితం పూలు, అలమండ పోతాయి కానీ, ప్రతి నాలుగడుగులకూ మనం నిచ్చెనెక్కి కట్టాలి. నాలుగోది తనంతట తానే పోతుంది, తర్వాత దాన్ని దించడం మన తరం కాదు. ఆ సంగతి ఆ రోజే చెప్పాల్సింది. అందుకే ఈ నెల మాట్లాడతానని నేనే అడిగి ఈ అవకాశం తీసుకున్నాను.

నేను ఇది పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. పద్దెనిమిదేళ్ల కిందట మేం ఇల్లు కట్టుకున్నాం. ఎండ కొడుతుందని పడమటి వైపు కిటికీలు పెట్టలేదు. బాత్రూమ్ వెంటిలేటర్ ఒక్కటే ఉంది. దాంతో నేల నుంచి పిట్టగోడ దాకా 24 అడుగుల బోడి గోడ మిగిలింది. వేసవిలో మధ్యాహ్నం రెండు నుంచి పొద్దుగూకే దాకా ఎండంతా దాని మీదే. రాత్రి పదింటికి కూడా ఆ గది గోడ లోపలివైపు చెయ్యి ఆనిస్తే వెచ్చగా తగిలేది. మా అత్తగారు ఆ గదిలో పడుకోలేక హాల్లో చాప వేసుకునేవారు.

మొదట శంఖపుష్పం వేశాను. పురికొస కట్టి పాకించాను. చక్కగా పూసింది, పదడుగుల దగ్గర ఆగిపోయింది. అది దాని తప్పు కాదు, దాని ఎత్తే అంత. తర్వాత ఒక నర్సరీకి వెళ్లి, "తాళ్లూ కర్రలూ కట్టే ఓపిక నాకు లేదండీ, తనంతట తానే గోడెక్కేది ఇవ్వండి" అన్నాను. నేను అడిగినదే ఇచ్చారు. అదే పిల్లిగోరు తీగ. రెండు రెండు ఆకులు, వాటి చివర మూడు చిన్న కొక్కేలు, అచ్చం పిల్లి గోళ్లలాగే. ముదిరిన కాడలకు వేళ్లు కూడా వచ్చి గోడకు అతుక్కుంటాయి. మూడో ఏటికల్లా పిట్టగోడ దాటింది. ఒక వేసవి ముందు గోడంతా పసుపు ముద్దలా పూసింది, వీధిలో వాళ్లు ఆగి చూశారు. కొన్నాళ్లకే పూలు రాలిపోయాయి. ఆ తర్వాత వెంటిలేటర్ సందులోంచి లోపలికి వచ్చింది, అటు పక్కవాళ్ల వేపచెట్టెక్కింది. రంగులు వేయించాలని పీకిస్తే గోడ ప్లాస్టరింగ్ పెచ్చులు పెచ్చులుగా దాంతోపాటే ఊడింది. మొదలు తవ్వితే చిలగడదుంపల్లాంటి దుంపలు బయటపడ్డాయి. ఎన్ని తీసినా ఇంకా మిగిలే ఉన్నాయి. ఆరేళ్లు పిలకలు పీకుతూనే ఉన్నాను. అమెరికా ఖండపు వేడి ప్రాంతాల నుంచి వచ్చిన ఆ తీగ ఆస్ట్రేలియాలో, దక్షిణాఫ్రికాలో అడవుల్ని కప్పేసే కలుపు అని అప్పటికే తెలిసిన విషయమే. పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పే నేను మొక్క తెచ్చే ముందు దాని గురించి చదవలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అప్పటి నుంచీ ఎవరు తీగ గురించి అడిగినా నేను ముందు పువ్వు సంగతి మాట్లాడను. దాని చేతులు చూడమంటాను. అంటే, అది దేనితో పట్టుకుని పైకి ఎక్కుతుందో చూడమని.

మనింట్లో చిక్కుడు పాదు చూడండి. దానికి వేరే చేతులు లేవు, కాడే చేయి. కొన గాలిలో మెల్లగా గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. ఏదైనా తగిలితే చుట్టుకుంటుంది. డార్విన్ జబ్బుపడి గదిలోంచి కదల్లేని రోజుల్లో ఒక కుండీలో హాప్స్ తీగ, అంటే బీరు తయారీలో వాడతారే, దాన్ని పక్కన పెట్టుకుని రాత్రీ పగలూ దాని కొన తిరగడం చూశాడు. వేడిగా ఉన్న రోజుల్లో ఒక్కో చుట్టుకు రెండు గంటలకు కాస్త అటూ ఇటూగా పట్టిందని లెక్క వేశాడు. 1865లో ఎక్కే మొక్కల మీద ఆయన రాసిన పెద్ద వ్యాసంలో అది ఉంది. మీ డాబా మీద చిక్కుడు కొన దగ్గర ఒక పుల్ల గుర్తుగా గుచ్చి, గంటకోసారి వెళ్లి చూడండి, మీకూ కనిపిస్తుంది. పూల తీగల్లో మాధవి, నీలి థన్‌బర్జియా, ఊదా పూల పెట్రియా ఇలా చుట్టుకునేవే. రాధామనోహరం కూడా చుట్టుకుంటుంది, పైగా దానికి ఇంకో ఏర్పాటు ఉంది. ఆకు రాలిపోయినా తొడిమ మొదలు ముల్లులా గట్టిపడి మిగిలి, ఆసరాకు తగులుకుంటుంది.

కాకర, దోస పాదులది ఇంకో దారి. వాటికి స్ప్రింగుల్లాంటి నులితీగలు ఉంటాయి. కౌరవ పాండవ పువ్వు అంటామే, ఆ కృష్ణకమలం అలాంటిదే. గులాబీ రంగు ఆంటిగొనాన్, చలికాలం చివర నారింజ రంగులో గుత్తులుగా వేలాడే గోల్డెన్ షవర్, ఆకు నలిపితే వెల్లుల్లి వాసన వచ్చే గార్లిక్ వైన్ కూడా అంతే. నులితీగ సన్నని దాన్నే పట్టుకుంటుంది, పెన్సిల్ కంటే లావుంటే దానికి కష్టం. ఆరంగుళాల డ్రైనేజీ పైపు పక్కన కృష్ణకమలం నాటి, ఎక్కడం లేదేంటని అడిగితే అదేం చేస్తుంది పాపం!

కాగితం పూలకూ అలమండకూ నిజంగా చేతులు లేవు. పక్కనున్న చెట్ల మీదుగా వాలుతూ పోయే స్వభావం వాటిది. కాగితం పూలకు ముళ్లు ఆసరా, అలమండకు అదీ లేదు. గోడ పక్కన పెడితే కొమ్మ కొంత దూరం లేచి, బరువుకు ముందుకు వంగిపోతుంది. కట్టిన చోటల్లా నిలబడుతుంది, కట్టకపోతే పొద అవుతుంది.

నాలుగో రకం గోడనే పట్టుకునేవి. పిల్లిగోరు కథ చెప్పాను. నర్సరీల్లో వాల్ క్రీపర్ అని అమ్మే ఫైకస్ పుమిలా ఇంకొకటి. దాని సన్నని వేళ్ల నుంచి జిగురు లాంటి ద్రవం ఊరి, రబ్బరులా గట్టిపడుతుందని డార్విన్ గమనించాడు. అందంగా పచ్చటి చాప పరిచినట్టు ఉంటుంది కానీ చూడదగ్గ పువ్వు లేదు. గోడకు మళ్లీ రంగు వేయాలని దాన్ని పీకినా, పిల్లిగోరులాగే ప్లాస్టరింగ్ ఊడుతుంది.

ఇప్పుడు నాకు తేలింది చెబుతాను. కట్టు, ఆసరా ఏదీ లేకుండా బోడి గోడ మీద దానంతటదే ఎక్కి, చక్కగా పూసి, గోడను పాడు చేయని తీగ మన ప్రాంతంలో నాకు కనబడలేదు. కాబట్టి ఆసరా మనమే ఇవ్వాలి. మొక్క 100 రూపాయలకు వస్తుంది, ఆసరాకు వేలల్లో అవుతుంది. చాలామంది ఆగిపోయేది అక్కడే. మొక్క కొనేసి, ఆసరా తర్వాత చూద్దామనుకుంటారు. తీగ ఎదిగాక దాని వెనకాల వైర్లు కట్టడం ఎంత నరకమో చేసినవాళ్లకే తెలుసు.

మా గోడకు ఎలా చేశామో చెబుతాను. గోడలోకి కొక్కేల బోల్టులు దింపించి, వాటికి జీఐ వైరు, అంటే జింకు పూత వేసిన ఇనుప వైరు, లాగించాం. గోడకూ వైరుకూ మధ్య నాలుగు అంగుళాల ఖాళీ ఉండాలి. ఆ ఖాళీలోంచి గాలి ఆడుతుంది, గోడ తడి ఆరుతుంది, చుట్టుకునే కొనకు చోటు దొరుకుతుంది. చుట్టుకునే తీగలకు వైర్లు నిలువుగా ఉండాలి, వాలే వాటికి కట్టుకోవడానికి అడ్డంగా ఉండాలి. ఇది చిన్న విషయమే అనిపిస్తుంది కానీ, తిరగేసి చేస్తే రెండూ పనికిరావు. ఇంకో ముఖ్యమైన మాట. ఈ మధ్య ఇళ్లన్నీ తేలికపాటి తెల్ల ఇటుకలతో కడుతున్నారు. వాటిలో మామూలు యాంకర్ బోల్టు గట్టిగా నిలవదు, బరువు పడితే రంధ్రం పెద్దదై ఊడి వస్తుంది. ఆ ఇటుకలకు వేరే ఫిక్సింగులు ఉంటాయి. అంతకంటే మంచిది, పిల్లర్లు, బీములు ఎక్కడున్నాయో మేస్త్రీని అడిగి, బరువు మోసే బోల్టులు కాంక్రీటులోనే వేయించడం. నైలాన్ వల మాత్రం కట్టవద్దు. రెండు మూడు వేసవులకు ఎండకు పెళుసెక్కుతుంది, సరిగ్గా తీగ నిండుగా ఉన్నప్పుడే తెగుతుంది.

బరువు గురించి ఎందుకింత చెబుతున్నానంటే, మనది గాలివానల ప్రాంతం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు ఎన్ని వేల చెట్లు పడ్డాయో మీలో చాలామంది చూసే ఉంటారు. వానలో తడిసిన నిండు తీగ బరువు ఒక ఎత్తు, గాలికి అది తెరచాపలా లాగడం ఇంకో ఎత్తు. మా ఇంట్లో ఒక మే నెల ఈదురుగాలికి పై వరస బోల్టులు మూడు ఊడి, తీగంతా దుప్పటి జారినట్టు కిందికి జారింది. అప్పుడు బోల్టులు బీములోకి మార్పించాం. అప్పటి నుంచి గాలివానల కాలానికి ముందు తీగను బాగా పలచన చేస్తాం.

ఇక గోడ ఏ దిక్కుకు ఉందో చూడాలి. తూర్పు గోడ అదృష్టం, జాజులు, గార్లిక్ వైన్ హాయిగా ఉంటాయి. నీలి థన్‌బర్జియా కూడా అక్కడ బాగుంటుంది. దాని పువ్వులోకి తుమ్మెదలు దూరి వీపు నిండా పుప్పొడి పూసుకుని రావడం చూస్తే పొద్దున కాఫీ చల్లారిపోతుంది. కానీ దానికి నీళ్లు బాగా కావాలి, పడమటి వేసవి ఎండకు మధ్యాహ్నమే వాడి వేలాడుతుంది. ఉత్తరపు గోడకు ఎండే రాదని చాలామంది అనుకుంటారు. మన ఊరు 17 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు. అంటే ఉత్తరపు గోడకు చలికాలమంతా నీడ, సరిగ్గా మండే రోజుల్లో ఎండ. ఆ నీడను చూసి నాజూకు మొక్క నాటితే మే నెలలో ఆకులు మాడిపోతాయి.

పడమటి గోడకు నిజంగా నిలిచేవి మూడు నాలుగే. కాగితం పూలు అందులో ఒకటి. మనం పువ్వు అనుకునే రంగు రేకులు నిజానికి ఆకుల్లాంటివే, మధ్యలో చిన్నగా తెల్లగా ఉన్నదే పువ్వు. 1767లో కామెర్సన్ అనే ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు బ్రెజిల్‌లోని రియో దగ్గర దాన్ని చూసి, తమ నౌకాయాత్ర నాయకుడు బూగన్‌విల్ పేరు పెట్టాడు. ఎండ ఎంతైనా తట్టుకుంటుంది. నీళ్లు తగ్గిస్తేనే పూస్తుంది, ఎరువు ఎక్కువైతే ఆకులే వస్తాయి. కానీ 24 అడుగుల ఎత్తులో, నిచ్చెన మీద నిలబడి, ఆ ముళ్ల కొమ్మల్ని ఏడాదికి రెండు మూడుసార్లు కత్తిరించి కట్టేదెవరు? ఇంట్లో అరవై దాటిన ఇద్దరే ఉంటే ఎత్తు గోడకు అది వద్దంటాను. పది అడుగుల ప్రహరీ గోడకైతే హాయిగా వేసుకోండి.

గోల్డెన్ షవర్ కూడా పడమటి ఎండను తట్టుకుంటుంది. ఒక్క జాగ్రత్త, పూత అయిపోగానే కత్తిరించాలి. దసరాకు ఇల్లు శుభ్రం చేస్తూ దాన్నీ కత్తిరిస్తే ఆ ఏడు పూలుండవు.

మాధవి గురించి కాస్త ఆగి చెప్పాలని ఉంది. మాధవి, మాధవీలత అని మన ఇళ్లలో ఎంతమంది ఆడపిల్లలు లేరు? ఆ పేరున్న తీగను చూసినవాళ్లు చేతులెత్తండి. ఇద్దరు... ముగ్గురు. చూశారా! ఇది మన దేశపు అడవి తీగ. చలికాలం చివర తెల్లటి పూల గుత్తులు వేస్తుంది. రేకుల అంచులు కత్తిరించిన కుచ్చుల్లా ఉంటాయి, ఐదింటిలో ఒక రేకు మీద పసుపు పూత ఉంటుంది. వాసన దూరం నుంచే తెలుస్తుంది. కాయకు మూడు రెక్కలు, రాలేటప్పుడు గిరగిరా తిరుగుతూ దిగుతుంది. పిల్లలకు చూపించండి, వదలరు. అయితే ఇది చెట్టంత మాను కట్టే తీగ. మారిషస్, రీయూనియన్ దీవుల్లో నాటితే అక్కడి అడవుల్ని కమ్మేసింది. ఇక్కడ ఇది సొంత ఇంట్లో ఉంది, ఆ భయం లేదు. కానీ సన్నని వైర్లకు దీని బరువు ఎక్కువ. గట్టి ఇనుప చట్రం కట్టించగలిగినవాళ్లు, నాలుగైదేళ్లు ఓపిక పట్టగలిగినవాళ్లు తప్పక వేయండి. నర్సరీలు అన్నీ ఉంచవు, మన పక్కనే కడియంలో అడిగి తెప్పించుకోవచ్చు. నలుగురం అడిగితేనే వాళ్లు పెంచుతారు.

చివరికి మా గోడకు నేను వేసింది రాధామనోహరం. సాయంత్రం పువ్వు విచ్చుకునేటప్పుడు తెల్లగా ఉంటుంది, మర్నాటికి గులాబీ, ఆపైన ఎరుపు. ఒకే గుత్తిలో మూడు రంగులూ ఉంటాయి. చీకటి పడ్డాక వాసన పెరుగుతుంది, ఎందుకంటే అది పిలిచేది రాత్రిపూట తిరిగే పెద్ద రెక్కల పురుగుల్ని. అంత పొడుగు గొట్టం అడుగున తేనె దాచింది వాటి పొడుగు నాలుక కోసమే. చిన్నప్పుడు మా ఊళ్లో ఆ పొడుగు కాడల్ని, కాడమల్లె పూలలాగే, దారం లేకుండా జడలా అల్లుకునేవాళ్లం. కొనేటప్పుడు ముద్ద రకమా, ఒంటి రేకు రకమా అడగండి. ముద్దది నిండుగా ఉంటుంది, నాకు మాత్రం ఒంటి రేకుదే ఇష్టం. వేసవి నుంచి వానలు తగ్గేదాకా పూస్తుంది. కొత్త చిగుళ్ల మీదే పూస్తుంది కనుక పూత అయ్యాక ధైర్యంగా కత్తిరించవచ్చు. దాని లోపం కూడా చెప్పాలి. వేళ్ల నుంచి పిలకలు దూర దూరంగా లేస్తాయి. నెలకోసారి చూసి తీసేయాలి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది, ఎవరూ చెప్పనిది. ఏ తీగ అయినా వదిలేస్తే నేరుగా పైకి పరుగెత్తి, పిట్టగోడ మీద పూస్తుంది. కింద పదిహేను అడుగులు ఎండు కాడలు మిగులుతాయి. పూలు డాబా మీద కాకులకు, మనకు కాడలు. కారణం కొనమొగ్గ. అది తయారుచేసి కిందికి పంపే హార్మోను ప్రభావంతో పక్క మొగ్గలు నిద్రపోతాయి. కొమ్మను పక్కకు వంచి, నేలకు సమాంతరంగా కడితే ఆ పట్టు సడలి, వంచిన కొమ్మ పొడుగునా మొగ్గలు లేస్తాయి. అందుకే మొదటి ఏడాది తీగ మూడడుగులు ఎదగ్గానే కొన తుంచండి. వచ్చే నాలుగైదు కొమ్మల్ని విసనకర్ర పుల్లల్లా విడదీసి పక్కలకు కట్టండి. అవి సాగాక మళ్లీ తుంచి, వచ్చిన వాటిని పైకి వదలండి. ఇలా కట్టడానికే, చుట్టుకునే తీగలకు నిలువు వైర్లతోపాటు కింద మూడు అడ్డ వైర్లు కూడా కావాలి. తుంచాలంటే చెయ్యి రాదు, నాకు తెలుసు. పెరుగుతున్న కొనను తుంచడమేంటని మా ఆయన నాతో రెండు రోజులు మాట్లాడలేదు. ఏడాది ఆలస్యమవుతుంది. కానీ మా గోడ ఈరోజు అరుగు దగ్గర నుంచే పూస్తుంది.

నాటడం గురించి రెండు మాటలు. గోడ మొదట్లో మట్టి ఉండదు, ఇల్లు కట్టినప్పటి సిమెంటు, ఇటుక ముక్కలు ఉంటాయి. గోడకు అడుగున్నర దూరంలో, రెండడుగుల గొయ్యి తీసి ఆ చెత్తంతా తీసేసి, మంచి ఎర్రమట్టి, చివికిన పశువుల ఎరువు నింపండి. సజ్జ కింద వాన పడదు, ఆ జాగా వదలండి. మురుగు పైపు, నీళ్ల సంపు పక్కన వద్దు. ఏసీ వేడి గాలి కొట్టే చోట ఏ తీగా బతకదు. మృగశిర కార్తె వానలకు నాటితే ఆ వర్షాకాలమంతా వేరు పట్టడానికి దొరుకుతుంది. రోజూ చెంబెడు నీళ్లు కాకుండా, మూడు నాలుగు రోజులకోసారి గొయ్యి నిండా పెట్టండి. వేరు లోతుకు పోతుంది.

(సభలో ఒకరు: తీగ పెంచితే పాములు వస్తాయంటారు కదండీ?)

మంచి ప్రశ్న. పాము వచ్చేది ఎలుకల కోసం, దాక్కునే చోటు కోసం. తీగ మొదట్లో రాలిన ఆకులు, పాత కుండీలు, కర్రలు పోగుపడితే వస్తుంది. నేల నుంచి రెండడుగుల దాకా ఆకు లేకుండా, మొదలు కనబడేలా ఉంచండి. వారానికోసారి ఊడ్చండి. మా ఇంట్లో ఇన్నేళ్లలో ఆ తీగలోకి వచ్చింది పిచ్చుకలు, తేనెపిట్టలు.

(ఇంకొకరు: మాది అద్దె ఇల్లు మేడమ్. కింద మట్టి లేదు, గోడకు బోల్టులు కొట్టనివ్వరు.)

అయితే పైనుంచి కిందికి రండి. ఓనరు ఒప్పుకుంటే డాబా మీద, బీము మీదుగా, పెద్ద తొట్లు వరసగా పెట్టి కర్టెన్ క్రీపర్ వేలాడదీయండి. పువ్వు చెప్పుకోదగ్గది కాదు కానీ పరదాలా దిగుతుంది, గోడను ముట్టుకోదు. ఇల్లు మారినప్పుడు తొట్లు వెంట తీసుకెళ్లవచ్చు. పూలు కావాలంటే మధ్య మధ్యలో కాశీరత్నం గింజలు చల్లండి. దాని ఎర్రటి పూలు ఆ పచ్చదనంలో బాగా కనిపిస్తాయి.

పోయిన నెల అడిగిన అమ్మాయి వచ్చిందా? ఆ, అక్కడున్నావా. నీ గోడది ఏ ఇటుకో కనుక్కో తల్లీ, బోల్టుల సంగతి దాన్ని బట్టి చెబుతాను. బయట బల్ల మీద రాధామనోహరం పిలకలు పన్నెండు పెట్టాను, ఒంటి రేకు రకం. వేళ్లకు తడి గుడ్డ చుట్టి ఉంది, ఇంటికి వెళ్లేదాకా అది విప్పవద్దు. ముందు నీడలో చిన్న కవర్లో వేసి, కొత్త చిగురు నాలుగు ఆకులు వేశాక గోడ దగ్గరికి మార్చండి. ఈలోగా వైర్లు కట్టించండి.